యాక్రిలిక్ పలక: పగలకుండా కోయడం, తొలవడం

బజారులో యాక్రిలిక్ షీటు అని అమ్మే పారదర్శక ప్లాస్టిక్‌కు రసాయన శాస్త్రంలో పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. దీన్నే పొట్టిగా పీఎంఎంఏ అంటారు. దుకాణాల ముందు వెలిగే అక్షరాలు, ఇంటి గుమ్మం పక్కన నేమ్‌ప్లేటు, సన్మాన సభల్లో చేతికిచ్చే జ్ఞాపిక, చేపల తొట్టి, కౌంటరు మీద అడ్డుతెర, సైన్స్ ఫెయిర్‌లో పిల్లల నమూనాలు చాలావరకు దీనితోనే తయారవుతాయి. కిటికీ గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములైతే దీనిది 1.19 మాత్రమే. తన మీద పడ్డ వెలుగులో సుమారు 92 శాతాన్ని అవతలికి పంపిస్తుంది. గాజు పనికి కావలసిన వజ్రపు మొనలేవీ దీనికి అక్కర్లేదు, వడ్రంగి పెట్టెలోని రంపం, డ్రిల్లు చాలు. చిక్కంతా అక్కడే ఉంది. పనిముట్లు కొయ్య పనికి, ఇనుము పనికి చేసినవి. పలకది ఆ రెండింటి స్వభావమూ కాదు. చెక్కలా పీచుగా చీలదు, రేకులా వంగి ఊరుకోదు, చివరి క్షణం దాకా చక్కగా తెగుతున్నట్టే కనిపించి టక్కున విరిగిపోతుంది. ఇంకా ఇబ్బందికరమైన రకం మరొకటి ఉంది. కోత బాగానే వస్తుంది, రంధ్రం శుభ్రంగా ఉంటుంది, బోర్డు గోడకెక్కుతుంది. కొన్ని వారాల తర్వాత స్క్రూ చుట్టూ వెండి దారాల్లాంటి సన్నని గీతలు బయటపడతాయి.

ఈ రెండు పగుళ్ళకూ మూలం ఒకటే. బలంగా నొక్కడం అసలు కారణం కాదు. పదార్థం లోపల పుట్టే ఒత్తిడి, అంటే ప్రతిబలం, ఒకే చోట పోగుపడటం, అది పోయే దారి లేకపోవడం అసలు కారణం. యాక్రిలిక్ పని మెళకువలన్నీ ఈ పోగుపడటాన్ని తప్పించే ఉపాయాలే.

పగులు ఎక్కడ పుడుతుంది

యాక్రిలిక్‌ను సాగదీస్తే తన పొడవులో సుమారు 4 నుంచి 5 శాతం దాకా సాగి తెగిపోతుంది. దీనికి దగ్గరి చుట్టంలా కనిపించే పాలీకార్బొనేట్ 100 శాతానికి పైగా సాగుతుంది. సాగే పదార్థంలో ఒకచోట ఒత్తిడి పెరిగితే అక్కడ కొంచెం లొంగి, భారాన్ని పక్కలకు పంచేస్తుంది. సాగనిది అలా పంచలేదు. అందుకే యాక్రిలిక్ పలక మొత్తంగా ఎంత గట్టిదన్న లెక్క పనిమంతుడికి పెద్దగా ఉపయోగపడదు. దాని అంచు ఎంత నున్నగా ఉందన్నదే లెక్కకు వస్తుంది.

జర్మన్ ఇంజనీరు ఎర్న్‌స్ట్ గుస్తాఫ్ కిర్ష్ 1898లో ఒక లెక్క తేల్చాడు. లాగుతున్న పలకలో గుండ్రటి రంధ్రం ఉంటే, ఆ రంధ్రం అంచున ప్రతిబలం మిగతా పలకలో ఉన్నదానికి మూడు రెట్లవుతుంది. రంధ్రం చిన్నదైనా పెద్దదైనా అంతే. 1913లో చార్లెస్ ఇంగ్లిస్ గుండ్రని రంధ్రం బదులు కోలగా ఉన్నదాన్ని తీసుకుని, మొన ఎంత సన్నబడితే అక్కడ ప్రతిబలం అంత పెరుగుతుందని చూపాడు. ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎ. ఎ. గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పత్రంలో, గాజు తన అణువుల బంధాలు చెప్పేంత బలంగా ఎందుకుండదో వివరించాడు. కంటికి కనిపించని సూక్ష్మమైన గాట్లే అందుకు కారణం. ఈ ముగ్గురి లెక్కలూ యాక్రిలిక్‌కు అచ్చంగా సరిపోతాయి. రంధ్రం వేయడంతోనే అక్కడ భారం మూడింతలైంది. ఆ రంధ్రం గోడ మీద డ్రిల్లు చిన్న పెచ్చు లేపితే, అది ఆ మూడింతల మీద మరో పెంపు.

మూడో అంశం వేడి. యాక్రిలిక్ ఉష్ణవాహకత అల్యూమినియంతో పోలిస్తే సుమారు వెయ్యోవంతు. రాపిడితో పుట్టిన వేడి లోపలికి పాకిపోదు, కోత అంచునే ఉండిపోతుంది. సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదార్థం గాజు స్థితి వదిలి రబ్బరులా మెత్తబడుతుంది. అప్పుడు జరిగేది ఇది: అంచున ఒక పలుచని పొర వేడెక్కి వ్యాకోచించబోతుంది. చుట్టూ చల్లగా ఉన్న పలక దాన్ని కదలనివ్వదు. నలిగిన ఆ పొర మెత్తబడి అక్కడికక్కడే సర్దుకుంటుంది. చల్లారేటప్పుడు అదే పొర ముడుచుకోవాలని చూస్తుంది, మళ్ళీ పలక ఒప్పుకోదు. చివరకు ఆ పొర శాశ్వతంగా లాగబడిన స్థితిలో మిగిలిపోతుంది. బయటినుంచి ఏ బరువూ లేకుండానే అంచు తనలో తాను లాక్కుంటూ ఉంటుంది. దీన్నే అవశేష ప్రతిబలం అంటారు. వారాల తర్వాత బయటపడే గీతలకు విత్తనం పడింది ఇక్కడే. బోర్డు తుడిచినవాడో, బిగించినవాడో నింద మోస్తాడు గాని, తప్పు జరిగింది డ్రిల్లు దగ్గర.

రెండు జాతుల పలకలు

అన్ని యాక్రిలిక్ షీట్లూ ఒకేలా ప్రవర్తించవు. రెండు గాజు పలకల మధ్య ద్రవ మోనోమర్‌ను (కలిసి పొడవైన శృంఖలాలుగా మారే చిన్న అణువులను) పోసి, నెమ్మదిగా గట్టిపరచి తీసేది కాస్ట్ షీటు. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నని నోటిగుండా నెట్టి, రోలర్ల మధ్య నునుపు చేసి తీసేది ఎక్స్‌ట్రూడెడ్ షీటు. మొదటి దానిలో అణుశృంఖలాలు చాలా పొడవు. వేడికి అంత తేలిగ్గా జారిపోవు. కోసినప్పుడు పొడిగానో రిబ్బనులానో చెక్కు వస్తుంది. రెండోది చవక, మందం అంతటా సమానంగా ఉంటుంది. కాని శృంఖలాలు పొట్టివి కాబట్టి తొందరగా కరిగి రంపపు పళ్ళకు బంకలా అంటుకుంటుంది. పైగా నెట్టినప్పటి ఒత్తిడి షీటులో ఒక దిశగా ముందే నిలిచిపోయి ఉంటుంది. రంధ్రాలు, కోతలు ఎక్కువున్న పనికి కాస్ట్ షీటునే అడగాలి. ధర తేడా ఒక్క పలక పగిలితే పూడిపోయేంతే.

కాస్ట్ పద్ధతి ఈ పదార్థంతో పాటే పుట్టింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో ఓటో రోమ్ సంస్థ 1933లో ప్లెక్సిగ్లాస్ అనే పేరుతో దీన్ని నమోదు చేసింది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఐసీఐ సంస్థ పర్‌స్పెక్స్ అని, కొద్దికాలం తర్వాత అమెరికాలో డూపాంట్ లూసైట్ అని తెచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాల పైకప్పులకు ఇదే వాడారు. పైలట్ల కళ్ళలో దిగిన పర్‌స్పెక్స్ ముక్కలను కన్ను తోసిపుచ్చడం లేదని గమనించిన లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలి కృత్రిమ కటకాన్ని కంట్లో అమర్చాడు. గట్టి పీఎంఎంఏ కటకాలను చాలాకాలం లేతు యంత్రం మీద చెక్కే తయారుచేశారు. మదురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ వంటి సంస్థలు వాటిని చవగ్గా అందించాక దేశంలో శుక్లాల శస్త్రచికిత్స రూపమే మారింది. మన ఊళ్ళలో ఆ రోజుల్లో ఆపరేషన్ చేయించుకున్న ఎందరో పెద్దవాళ్ళ కంట్లో ఇప్పటికీ ఉన్నది, పగలకుండా చెక్కిన ఒక యాక్రిలిక్ బిళ్ళ.

పనికి కూర్చునే ముందు, చేతిలో ఉన్నది యాక్రిలికేనా అని చూసుకోవాలి. చవక షీట్లలో పాలీస్టైరీన్ కలిసిపోతుంది. చిన్న తునకను ఆరుబయట అంటిస్తే యాక్రిలిక్ చిటపటమంటూ, పెద్దగా పొగ లేకుండా, పండు వాసనతో కాలుతుంది. పాలీస్టైరీన్ నల్లని మసి దారాలు వదులుతుంది. పాలీకార్బొనేట్ మంట తీయగానే చాలావరకు ఆరిపోతుంది.

కోత

సన్నని షీటుకు, సూటి గీతకు అన్నిటికన్నా మంచి దారి గాటు పెట్టి విరవడం. ఇది పగులుతో పోరాడదు, పగులునే పనికి పెట్టుకుంటుంది. ఇనుప స్కేలును గట్టిగా అదిమి, కొక్కెం మొన ఉన్న యాక్రిలిక్ కట్టరుతో ఒకే గీత మీద ఏడెనిమిది సార్లు లాగాలి. 3 మిల్లీమీటర్ల షీటులో మూడోవంతు లోతు దిగేవరకు ఆపకూడదు. గాటు పైకి ఉండేలా, గీత సరిగ్గా బల్ల అంచు మీదికి వచ్చేలా ఉంచి, బల్ల మీది భాగాన్ని చెక్కతో అదిమి, బయటి భాగాన్ని ఒక్క ఊపున కిందికి నొక్కాలి. గాటు ఉన్న ముఖం సాగుతుంది, ఇంగ్లిస్ చెప్పిన మొన దగ్గర ప్రతిబలమంతా పోగుపడుతుంది, పలక గీత వెంటే విడిపోతుంది. ఈ పనిలో విఫలమయ్యేవాళ్ళు ఎక్కువగా బలం చాలక కాదు, ఓపిక చాలక విఫలమవుతారు. నాలుగు గీతలకే విరవబోతే పగులు తనకు నచ్చిన దారి పడుతుంది. గాటు పలక ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండాలి. 5, 6 మిల్లీమీటర్లు దాటిన షీటుకు ఈ పద్ధతి వదిలేయడం మేలు. వంపు కోతలకు అసలు పనికిరాదు.

మందపాటి షీటుకు బల్లరంపమే సరైనది. బ్లేడు పళ్ళకు కార్బైడ్ మొనలుండాలి, ఒక పన్ను మధ్యను తవ్వితే పక్క పన్ను అంచులను సరిచేసేలా మూడు చెక్కుల పద్ధతిలో అరగదీసి ఉండాలి. 250 మిల్లీమీటర్ల బ్లేడుకు 60 నుంచి 80 పళ్ళు. పంటి వాలు దాదాపు నిట్టనిలువు, సున్నా నుంచి 5 డిగ్రీలు. చెక్క కోసే బ్లేడు పళ్ళు ముందుకు వాలి ఉంటాయి కాబట్టి అవి కొరుకుతాయి. యాక్రిలిక్‌కు కావలసింది గీకే పన్ను. బ్లేడు షీటు పైకి కొద్దిగానే పొడుచుకు రావాలి. మధ్యలో ఆగకూడదు. ఆగిన చోట కరుగుతుంది, తొందరపడిన చోట పెచ్చు లేస్తుంది.

చేతిరంపమైతే హ్యాక్సా బ్లేడు చాలు, కాని అంగుళానికి ఎన్ని పళ్ళన్నది చూసుకోవాలి. 3 మిల్లీమీటర్ల షీటు మీద 18 పళ్ళ బ్లేడు ఆడితే ఏ క్షణాన చూసినా షీటు మందంలో రెండే పళ్ళుంటాయి, ఒక్కో పన్ను పెద్ద ముక్కను పెకిలించబోతుంది. 32 పళ్ళదైతే నాలుగు దాకా ఉంటాయి. రంపాన్ని పడుకోబెట్టి ఏటవాలుగా లాగితే ఇంకా నయం. మందపాటి షీటుకు మరీ సన్నని పళ్ళు వాడితే పొట్టు బయటికి పోలేక కరుగుతుంది. అక్కడ ముతక బ్లేడే మంచిది.

వంపులకు జిగ్‌సా వాడతారు. ఎక్కువ షీట్లు పాడుచేసే యంత్రం కూడా ఇదే. దోషం బ్లేడులో కంటే షీటు ఊగడంలో ఉంటుంది. బ్లేడు పైకి వచ్చినప్పుడల్లా షీటును ఎత్తి కింద కొడుతుంది. నిమిషానికి వేలసార్లు జరిగే ఈ తట్టే చివరకు పగులవుతుంది. కోత గీతకు రెండు పక్కలా దగ్గరగా ఆధారం ఉండాలి, రెండు పక్కలా క్లాంపులు బిగించాలి. సన్నని షీటునైతే రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి మూడింటినీ కలిపి కోయడం శ్రేష్ఠం. యంత్రంలోని ముందువెనుకల ఊపును ఆపేయాలి, వేగం తగ్గించాలి. వేడెక్కితే కోసిన గాడి బ్లేడు వెనకాలే మళ్ళీ అతుక్కుపోతుంది. చూస్తే వింతే కానీ అది ప్రమాదసూచన, బ్లేడు చిక్కుకుని షీటును లాగేస్తుంది.

లోపలి మూలల సంగతి ప్రత్యేకం. చదరపు కిటికీ కోయాలంటే ముందు నాలుగు మూలలా గుండ్రటి రంధ్రాలు వేసి, వాటి మధ్య రంపంతో కలపాలి. పదునైన లోపలి మూలను వదిలిపెట్టడమంటే భవిష్యత్తులో రాబోయే పగులుకు చిరునామా రాసి పెట్టడమే. బయటి మూలలు పదునుగా ఉన్నా ఫర్వాలేదు.

ఇప్పుడు నేమ్‌ప్లేట్లు చేసే దుకాణాల్లో రంపాలు మూలపడ్డాయి, కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఆ పని చేస్తోంది. దాని కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. కంటికి పారదర్శకమైన యాక్రిలిక్ ఆ కిరణానికి గోడ లాంటిది, మొత్తం పీల్చుకుంటుంది. చవకగా దొరికే నీలిరంగు డయోడ్ లేజర్లు రంగులేని పారదర్శక షీటును కోయలేకపోవడానికి కారణం దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆ వెలుగు షీటులోంచి దూసుకుపోతుంది. యాక్రిలిక్‌కు మరో అరుదైన గుణం ఉంది. బాగా వేడి చేస్తే చాలా ప్లాస్టిక్‌లలా మాడి బొగ్గవదు. దాని శృంఖలాలు విప్పుకుంటూ పోయి మళ్ళీ మోనోమర్ ఆవిరిగా మారతాయి. లేజర్ కోసిన అంచు మెరుగుపెట్టినట్టు నిగనిగలాడటానికి కారణం ఇదే. ఆ ఆవిరికి మంటంటుకునే గుణం ఉంది కాబట్టి నడుస్తున్న యంత్రాన్ని వదిలి టీకి వెళ్ళకూడదు. పీవీసీ షీటును పొరపాటున అదే యంత్రంలో పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి మనిషి ఊపిరితిత్తులకూ యంత్రానికీ హాని చేస్తుంది.

లేజర్‌తో పెచ్చులు లేవవు, చిట్లడం ఉండదు. అందుకని పగులు సమస్య తీరిపోయిందనుకోవడం మాత్రం తొందరపాటు. పైన చెప్పిన లాగబడిన పొర లేజర్ అంచునే అన్నిటికన్నా బలంగా ఉంటుంది. మన దగ్గర అక్షరాల పెట్టెలు అతికించేవాళ్ళు క్లోరోఫామ్ వాడతారు. లేజర్ అంచుకు అది తగలగానే కొన్నిసార్లు క్షణాల్లో వందల సన్నగీతలు లోపలికి పాకుతాయి. అంచు నిగనిగ నాణ్యతకు సాక్ష్యం కాదు.

రంధ్రం

ఎక్కువ పలకలు పోయేది రంధ్రం దగ్గరే. ఇనుముకు వాడే మామూలు ట్విస్ట్ డ్రిల్లు బిట్టు మొన కోణం 118 డిగ్రీలు. దాని గాడి మెలి వల్ల కోసే అంచు ముందుకు వంగి, కొక్కెంలా ఉంటుంది. ఇనుములో ఆ కొక్కెం చెక్కును చక్కగా లేపుతుంది. యాక్రిలిక్‌లో అదే కొక్కెం పదార్థాన్ని పట్టుకుని తనను తాను లోపలికి లాక్కుంటుంది. పలక అవతలి ముఖం దగ్గరకు వచ్చేసరికి మొన కింద మిగిలినది పలుచని పొర. చేతి ఒత్తిడి, బిట్టు లాగుడు రెండూ కలిసి ఆ పొరను కోయకుండా బయటికి తోసేస్తాయి. చుట్టూ గరాటు ఆకారంలో పెచ్చు ఊడుతుంది, అదృష్టం బాగాలేకపోతే అక్కడినుంచి పలక అంచు దాకా బీట పరుగెడుతుంది. బిట్టు గాడిలో పలక చిక్కుకుని గిర్రున తిరగడం కూడా ఇక్కడే జరుగుతుంది. అందుకే చిన్న ముక్కను చేత్తో పట్టుకుని తొలవకూడదు.

ప్లాస్టిక్‌కోసం అరగదీసిన బిట్టు మొన 60 నుంచి 90 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. అంటే సన్నగా, పొడుగ్గా. కోసే అంచు వాలు సున్నా నుంచి 4 డిగ్రీలు. మొన పొడుగైతే అవతలి ముఖాన్ని ఒక్కసారిగా కాక చిన్న బెజ్జంతో మొదలుపెట్టి నెమ్మదిగా వెడల్పు చేస్తుంది. వాలు సున్నా అయితే కొరకదు, గీకుతుంది. ఇలాంటి బిట్టు దొరకకపోతే మామూలుదాన్నే సరిచేసుకోవచ్చు. రెండు కోత అంచుల ముందు ముఖాన్ని సన్నని సాన రాయితో బిట్టు పొడవుకు సమాంతరంగా నాలుగుసార్లు రుద్ది, అక్కడ సన్నని చదును పట్టీ తెస్తే చాలు, కొక్కెం పోతుంది. పని నిమిషం కూడా పట్టదు. ఇనుముకు అరగదీసిన బిట్టుకూ దీనికీ మధ్య తేడా మాత్రం చేతికి వెంటనే తెలుస్తుంది. ఇలా మార్చిన బిట్లను వేరే డబ్బాలో పెట్టుకోవాలి, ఇనుము మీద అవిక సరిగా పనిచేయవు.

పాత మొండి బిట్టే యాక్రిలిక్‌కు మంచిదని కొందరు పనివాళ్ళ నమ్మకం. డ్రిల్లును వెనక్కి తిప్పితే పగలదని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది, మొండిదీ వెనక్కి తిరిగేదీ కొరకవు. అయితే అవి కోయవు కూడా. రుద్ది, కరిగించి, దారి చేసుకుంటాయి. రంధ్రం ఆ రోజుకు పగలకుండా వస్తుంది, దాని గోడ మీద కరిగి గట్టిపడిన పొర మాత్రం మిగిలిపోతుంది. ఆ పొర తర్వాత ఏం చేస్తుందో ముందే చూశాం.

గుర్తు పెట్టడానికి సుత్తితో సెంటర్ పంచ్ కొట్టకూడదు. ఆ దెబ్బకే నక్షత్రం లాంటి పగులు పుడుతుంది. పైనున్న రక్షణ కాగితాన్ని తీయకుండా దాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, మొనను చేత్తో కాస్త తిప్పితే బిట్టు నిలవడానికి చాలినంత గుంట పడుతుంది. టేపు అంటిస్తే పగలదన్న మాట అతిశయోక్తి. టేపు బిట్టు జారకుండా ఆపుతుంది, అంతవరకే. పగులును నిజంగా ఆపేది కిందనున్న చెక్క. ఎగుడుదిగుడు లేని చెక్క ముక్కను షీటుకు ఎక్కడా సందు లేకుండా ఆనించి రెండింటినీ కలిపి క్లాంపులతో బిగిస్తే, బిట్టుకు అవతలి ముఖమే లేనట్టవుతుంది. యాక్రిలిక్ నుంచి నేరుగా చెక్కలోకి దిగుతుంది. తోసేయడానికి పలుచని పొర ఒంటరిగా మిగలదు. ఒక్క జాగ్రత్తే పాటించే తీరిక ఉంటే పాటించవలసింది ఇదే.

వేగానికి లెక్క ఉంది. బిట్టు అంచు నిమిషానికి సుమారు 30 మీటర్ల దూరం తిరగాలనుకుంటే 3 మిల్లీమీటర్ల బిట్టుకు దాదాపు 3,200 చుట్లు, 6 మిల్లీమీటర్లదానికి 1,600, 10 మిల్లీమీటర్లదానికి 950 వస్తాయి. చేతి డ్రిల్లుతో ఇంత కచ్చితంగా కుదరదు. బిట్టు లావయ్యేకొద్దీ వేగం తగ్గించాలని గుర్తుంటే చాలు. అసలు కొలబద్ద చెక్కు. రెండు గాడుల్లోంచి రెండు నున్నని రిబ్బన్లు తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వస్తే అన్నీ సరిగా ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే బిట్టు మొండిదో, నొక్కుడు చాలదో. ముద్దగా అంటుకుంటే వేడి ఎక్కువైంది. మందపాటి షీటులో ప్రతి కొన్ని మిల్లీమీటర్లకూ బిట్టును పూర్తిగా బయటికి తీసి, చెక్కును తుడిచి, మళ్ళీ దించాలి. చివరి మిల్లీమీటరు దగ్గర చేతి బరువు దాదాపు తీసేయాలి.

చల్లబరచడానికి గాలి ఊదడం మంచిది. నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి వేసినా పనిచేస్తుంది. కరెంటు డ్రిల్లయితే నీళ్ళ విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, బ్యాటరీదైతే భయం తక్కువ. ఏముందో తెలియని కటింగ్ నూనెలు వద్దు, కొన్నిటిలోని ద్రావకాలు లాగబడిన అంచును అక్కడికక్కడే గీతలు పట్టిస్తాయి.

పెద్ద రంధ్రానికి ముందు చిన్న రంధ్రం వేసి, తర్వాత పెద్ద బిట్టు దించడం ఇనుము పనిలో అలవాటు. ఇక్కడ అది ఎదురు తిరుగుతుంది. పెద్ద బిట్టు మొనకు ఆనే చోటు ఉండదు, దాని కోత అంచుల బయటి కొసలు మాత్రమే చిన్న రంధ్రం పెదవిని పట్టుకుని లాగుతాయి. సరిచేయని బిట్టుతో పెచ్చులు లేవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. మెట్ల డ్రిల్లు దీనికి చక్కని జవాబు. ఒక్కో మెట్టు కొద్ది కొద్దిగా వెడల్పు చేస్తుంది, దాని కోత అంచుకు కొక్కెం ఉండదు, 4, 5 మిల్లీమీటర్లలోపు షీటుకు మామూలు బిట్టు కంటే ఎంతో నమ్మకమైనది. అరచేతంత రంధ్రాలకు హోల్ సా వాడవచ్చు. సగం ఒకవైపు నుంచి, సగం రెండోవైపు నుంచి కోస్తే రెండు ముఖాలూ శుభ్రంగా వస్తాయి. చెక్కకు వాడే చదునైన రెక్క బిట్టు మాత్రం దీని జోలికి రాకూడదు.

రంధ్రాన్ని పలక అంచుకు మరీ దగ్గరగా వేయకూడదు. రంధ్రం వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్ల జాగా అంచు వరకు వదలడం వాడుకలో ఉన్న లెక్క. రెండు రెట్లు వదిలితే నిశ్చింత.

బిగింపు, వేసవి

యాక్రిలిక్ ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.07 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది ఉక్కుకు దాదాపు ఆరు రెట్లు. బజారులో దొరికే ఎనిమిది అడుగుల షీటును తీసుకుందాం. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల్లో బిగించిన బోర్డు మే నెలలో 45 డిగ్రీలకు చేరితే పొడవు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండకు ఎదురుగా ఉన్న నల్లని బోర్డు గాలి కన్నా ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. స్క్రూ రంధ్రంలో బిర్రుగా ఉంటే ఆ 5 మిల్లీమీటర్లకు దారి లేదు. అప్పుడు కిర్ష్ చెప్పిన మూడింతలు పనిలోకి దిగుతాయి. అందుకే రంధ్రం స్క్రూ కంటే 1, 2 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి. పొడుగు బోర్డుల్లో మధ్య రంధ్రం ఒక్కటే బిర్రుగా ఉంచి, మిగతావి పొడవు వాటంలో కోలగా చేస్తారు. స్క్రూ తలకింద రబ్బరు వాషరు పెట్టి, చేత్తో తిప్పినంత బిగువుతో ఆపాలి. గరాటు తల ఉన్న స్క్రూలు చూడటానికి అందంగా షీటులో కలిసిపోతాయి కానీ మేకులా రంధ్రాన్ని చీల్చుతాయి. పలకలోకి నేరుగా మర తిప్పుకుంటూ దిగే స్క్రూలదీ అదే దోషం.

కోసిన తర్వాత

కరుకు అంచును అలాగే వదిలేస్తే గ్రిఫిత్ చెప్పిన గాట్లను భద్రపరిచినట్టే. హ్యాక్సా బ్లేడు వీపుతో నిలువుగా గీకి, ఆపై ముతక నుంచి సన్నదాని దాకా నీటి సాండ్‌పేపర్‌తో రుద్దడం ఇంట్లో చేయదగిన పద్ధతి. రంధ్రం పెదవిని కూడా చుట్టూ కాస్త వాలుగా చేయాలి. మంటతో మెరుగు పెట్టడం వేగంగా అవుతుంది, అంచు అద్దంలా వస్తుంది, కాని లేజర్‌కున్న దోషమే దానికీ ఉంది.

లోపల చిక్కుకున్న ప్రతిబలాన్ని తీసేయడానికి ఒకటే మార్గం, వేడి చేసి నిదానంగా చల్లార్చడం. షీటును సుమారు 80 డిగ్రీల ఓవెన్‌లో, మందాన్ని మిల్లీమీటర్లలో మూడుతో భాగిస్తే వచ్చినన్ని గంటలు, కనీసం రెండు గంటలు ఉంచి, తర్వాత తలుపు తెరవకుండా చల్లారనివ్వాలి. రక్షణ కాగితం ముందే తీసేయాలి. అతికించబోయే లేజర్ ముక్కలకు, ద్రవాలు తాకే పాత్రలకు ఇది తప్పనిసరి. ద్రవం పట్టే యాక్రిలిక్ పాత్రకు పెద్ద ఉదాహరణ కావాలంటే కెనడాలోని సడ్‌బరీ న్యూట్రినో ప్రయోగశాలను చూడవచ్చు. భూమికి రెండు కిలోమీటర్ల లోతున, వెయ్యి టన్నుల భారజలాన్ని పట్టే 12 మీటర్ల యాక్రిలిక్ గోళాన్ని 122 పలకలతో నిర్మించారు. గని లిఫ్టులో పట్టే ముక్కలుగా దించి, కిందే అతికించారు. 2015 నోబెల్ బహుమతి పంచుకున్న ఆర్థర్ మెక్‌డొనాల్డ్ పరిశోధన జరిగింది ఆ గోళం ఆధారంగానే.

ప్రతిబలం మిగిలిందో లేదో అదే షీటులోంచి, అదే పద్ధతిలో తొలిచిన తునక మీద పరీక్షించవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి కొన్ని నిమిషాలు చూస్తే, లాగబడిన చోట వెండి గీతలు పుడతాయి. ఈ గీతలు తొలిదశలో పూర్తి పగుళ్ళు కావు. వాటి రెండు ఒడ్డులనూ సన్నని ప్లాస్టిక్ పోగులు ఇంకా పట్టుకుని ఉంటాయి. ద్రావకం ఆ పోగులను మెత్తబరిస్తే అవి తెగి అసలు పగులవుతాయి. కోవిడ్ కాలంలో కౌంటర్ల మీద నిలబెట్టిన అడ్డుతెరలను రోజూ శానిటైజరుతో తుడిచారు. రంధ్రాల చుట్టూ, వంచిన మూలల దగ్గర అవి పొగచూరినట్టు మసకబారడం చాలామంది చూసే ఉంటారు. స్పిరిట్, అసిటోన్, థిన్నర్, అమ్మోనియా కలిసిన గాజు శుభ్రపరిచే ద్రవాలు దీనికి పనికిరావు. సబ్బునీరు, మెత్తని తడిగుడ్డ చాలు. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

పగులు వచ్చేశాక

బీట అంచు దాకా పాకకముందే చూస్తే ఆపవచ్చు. బీట కొస ఎక్కడుందో వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, సరిగ్గా ఆ కొస మీద 2, 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. పదునైన మొన ఉన్న చోట గుండ్రని అంచు వచ్చింది కాబట్టి ప్రతిబలం ఒక్కసారిగా పడిపోతుంది. విమానాల లోహపు రేకులకు కూడా ఇదే వైద్యం చేస్తారు. కొస కన్నా కొంచెం వెనక్కి వేస్తే ప్రయోజనం లేదు, బీట రంధ్రాన్ని దాటి ముందుకే పోతుంది. కంటికి కనిపించే కొసకు అవతల కూడా కొంత బీట ఉంటుందని లెక్కవేసుకుని వేయడం మంచిది. ఆ తర్వాత బీటలో క్లోరోఫామ్ లాంటి పలుచని ద్రావకాన్ని సిరంజితో ఒక్కో చుక్కగా వదిలితే అది తనంతట తానే లోపలికి పాకి రెండు ఒడ్డులనూ కరిగించి కలుపుతుంది. గాలి ఆడే చోట, ముఖం దూరంగా పెట్టి ఈ పని చేయాలి. అతుకు గట్టిపడేదాకా, కనీసం ఒక రోజు, దాని మీద బరువు పెట్టకూడదు. నీళ్ళు నింపే తొట్టిలో బీట వస్తే మాత్రం ఈ మరమ్మతు మీద ఆధారపడకుండా ఆ పలకనే మార్చాలి.